వదిన నక్షత్రం మేలుకున్న రోజు

వదినకి నొప్పులూ, వదిన నక్షత్రానికి మెలకువా ఒకే పొద్దున మొదలయ్యాయి. ఏది ముందు అని ఇప్పటికీ మా ఇంట్లో వాదన నడుస్తూనే ఉంది. నక్షత్రమే ముందని వదిన. కాదు, బాత్రూమ్‌లోంచి కేక వినపడ్డాకే ఫోను మోగిందని మా అన్నయ్య. నన్నడిగితే రెండూ కలబడి వచ్చాయి. వదిన తడి కాళ్ళతో బయటికొచ్చి, ఒక చేత్తో పొట్ట పట్టుకుని, రెండో చేత్తో ఫోను నా మొహానికి ఆనించి, "లేచింది మరదలా! లేచింది!" అని గంతెయ్యబోయింది. నెలలు నిండిన మనిషి గంతెయ్యబోతుంటే పక్కనున్నదాని గతి ఏమవుతుంది? నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"కూర్చో వదినా, నీకు దణ్ణం పెడతా, కూర్చో."

"ఆరేళ్ళే! ఆరేళ్ళ నుంచి మొద్దు నిద్ర! ఇవాళ లేచింది!"

"ఉమ్మనీరు పోయింది వదినా."

"అవునా?" అని కిందికి చూసుకుంది. "ఓహో. ఇది కూడానా?"

మా వదిన ఎక్స్‌రేలతో నక్షత్రాలు చూసే మనిషి. అన్నయ్య మొదటిసారి ఆ సంగతి చెప్పినప్పుడు ఆసుపత్రిలో ఫొటోలు తీసే ఉద్యోగం అనుకున్నాం. మా అమ్మయితే వదిన ఇంటికి రాగానే మోకాలు కూడా చూపించింది. ఆ తర్వాత నిదానంగా, గిన్నెలు తోముకుంటూ నేనూ, తుడుస్తూ వదినా, కొంత కొంత అర్థం చేసుకున్నాం. అంటే నేను అర్థం చేసుకున్నాను, వదిన గిన్నెలు తుడవడం నేర్చుకుంది. పదో తరగతి సగంలో ఆగిపోయిన నాకు ఎక్కేలా చెప్పింది కాబట్టి మీకూ ఎక్కుతుంది, వినండి.

బాగా పెద్ద నక్షత్రం చచ్చిపోయినప్పుడు దాని నడిమి ముద్ద ఒక్కోసారి ఊరంత ఉండలా ముడుచుకుపోతుందట. ఊరంతే, కానీ బరువు సూర్యుడి కంటే ఎక్కువ. దాన్ని న్యూట్రాన్ నక్షత్రం అంటారు. దానికి తోడుగా ఇంకో మామూలు నక్షత్రం ఉందనుకోండి, రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. తిరుగుతూ తిరుగుతూ, చచ్చినది బతికున్నదాన్ని గుంజి గుంజి తాగుతుంది. అలా పడే వాయువు కాగిపోయి ఎక్స్‌రేలు చిమ్ముతుంది. ఆ ఎక్స్‌రేలు మన గాలిని దాటి నేలకి రావు కాబట్టి పైకి ఉపగ్రహం పంపి చూడాలి. ఆ గుంజుడు గురించి మాత్రం నాకు ఎక్కువ చెప్పక్కర్లేదన్నాను. అప్పటికి నా కూతురు, మా పిడుగు, పాలు మానలేదు.

వదిన నక్షత్రం రోజూ తాగే రకం కాదు. ఏళ్ళ తరబడి పడుకుని, ఎప్పుడో లేచి, నాలుగు రోజులు ఆవురావురుమని తాగి, మళ్ళీ పడుకుంటుంది. తాగేది న్యూట్రాన్ నక్షత్రమని వదిన పంతం. కాదు, బ్లాక్ హోల్ అని వంతులాయన పంతం. వంతులాయన అంటే వదిన ఆఫీసులో పై అంతస్తు పెద్దాయన. పెద్ద ఉపగ్రహం ఒక్కటే, చూడాలనేవాళ్ళు బోలెడుమంది. ఎవరి వంతు ఎప్పుడో ఆయన చెప్పాలి. తేడా తేల్చడం తేలికే. న్యూట్రాన్ నక్షత్రానికి నేల ఉంటుంది, పడిన వాయువు నేల మీద పేరుకుని పేరుకుని ఒక్కసారిగా పేలుతుంది. బ్లాక్ హోల్‌కి నేలే లేదు. నేల లేని ఇంట్లో చెత్త ఎక్కడ పేరుకుంటుంది? ఒక్క పేలుడు పట్టుకుంటే వదినదే గెలుపు. పోయినసారి అది లేచినప్పుడు, వంతు వచ్చేలోపల పడుకుంది. వదిన ఆరేళ్ళ చదువు ఆ నిద్ర మీద నిలబడి ఉంది.

అందుకని ఆసుపత్రికి వెళ్తున్న కారులో, నా భుజం పిండేస్తూనే, వంతులాయనకి ఫోను చేసింది. నేను ఆయన మాటలు కూడా విన్నాను.

"లేచిన మాట నిజమే అమ్మాయ్. కానీ ఇప్పుడు గెలాక్సీల ఆవిడ వంతు నడుస్తోంది. మధ్యలో లాక్కోలేను. చిన్న ఉపగ్రహంలో ఒక్క పేలుడు కనపడనీ, అప్పుడు తిప్పుతా."

"సార్... హుఁ... హుఁ... తప్పకుండా సార్."

"ఏంటమ్మా ఆ రొప్పు?"

"మెట్లెక్కుతున్నాను సార్."

ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. "నొప్పులని ఎవరికీ చెప్పకు. తెలిస్తే 'ముందు నువ్వు రెస్టు తీసుకోమ్మా' అంటాడు. ఆ రెస్టులో నా నక్షత్రం పడుకుంటుంది."

చిన్న ఉపగ్రహం అంటే ఆకాశమంతా పైపైన చూసుకుంటూ పోయేది. దాని లెక్కలు ముందు వదిన ఫోనుకి వస్తాయి, మిగతావాళ్ళకి బాగా ఆలస్యంగా. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆసుపత్రి గదిలో మంచం, మంచం పక్కన చక్రం కీచుమనే సెలైన్ స్టాండు, కడుపులో బిడ్డ గుండెచప్పుడు గీసే మెషీను. మెషీన్లోంచి కాగితం పట్టీ బయటికొస్తుంటే వదిన దాన్ని రెండు చేతులా పట్టుకుని చదవడం మొదలుపెట్టింది.

"సిస్టర్, మీ మెషీన్ గీత పక్కకి జరుగుతోంది. సరిచెయ్యాలి."

పెద్ద నర్సు కళ్ళజోడు మీంచి చూసింది. "తల్లీ, జరుగుతున్నది మెషీను కాదు, నువ్వు. కాస్త కుదురుగా పడుకుంటే గీతా కుదురుగా ఉంటుంది."

అన్నయ్య లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మేం కారెక్కే వేళకే ఎక్కడో పెద్ద భవనంలో లిఫ్టు ఆగి జనం ఇరుక్కుపోయారంటే తప్పక వెళ్ళాడు. నిమిషానికోసారి ఫోను చేస్తుంటే, నొప్పి వచ్చినప్పుడల్లా ఇంటివాళ్ళ గ్రూపులో పెడతాం, నువ్వు పని చూసుకో అని చెప్పాం. నాకు ఇంకో దిగులు. పిడుగుని అమ్మ దగ్గర వదిలొచ్చాను. అన్నం మింగకుండా బుగ్గలో దాచుకునే పిల్ల. నిద్రలోకి జారిపోతే గొంతుకి అడ్డం పడదూ? నేను అమ్మకి ఫోను చేస్తుంటే వదిన నన్ను మందలించింది.

"అక్కడ పిల్ల దాని మానాన అది ఆడుకుంటోంది. ఇక్కడ నాకు లెక్క పట్టు."

"ఎలా పట్టాలి?"

"మా పద్ధతిలో. మొదలైన టైము, పక్కన ఎన్ని సెకన్లుందో. అంతే. మాటలు రాయకూడదు. కథలు చెబితే లెక్క పోతుంది."

వాళ్ళ ఆఫీసులో అదే అలవాటట. పేలుడు చూసినవాళ్ళు ఎవరైనా సరే గ్రూపులో టైము, సెకన్లు పడేస్తారు. అబ్బా, అయ్యో, చూశారా, ఇలాంటివేవీ ఉండవు. మొదటి నొప్పి నా చేతికివ్వకుండా వదినే రాసింది, నా మీద నమ్మకం లేక. పళ్ళు బిగబట్టి, టకటకా కొట్టి, పంపించి, ఫోను నాకిచ్చేసింది. ఆ తర్వాతివన్నీ, అదే చోట, వదిన చెబుతుంటే నేను పెట్టాను.

నాలుగోదో అయిదోదో పంపాక జవాబులు మొదలయ్యాయి.

"మేడమ్!! ఇంకోటా!!"

రాసింది గీతలమ్మాయి. వదిన దగ్గర చదువుకునే పిల్ల, దేన్ని చూసినా గ్రాఫు గీస్తుందని ఇంట్లో ఆ పేరు పెట్టుకున్నాం. ఎవరో చెప్పుంటారులే, ఎంత ప్రేమో పాపం అనుకున్నాను. ఇంటి గ్రూపులో ఈ పిల్లెందుకుంది అని నాకు తట్టలేదు. ఒక చెవి మెషీను మీదా, ఒక చెవి అమ్మ ఫోను మీదా ఉన్నదానికి ఏం తడుతుంది?

"ఎంత క్రమంగా వస్తున్నాయి మేడమ్! మీరు ఆపొద్దు, పంపుతూ ఉండండి. మేమంతా ఇక్కడ నిలబడే ఉన్నాం."

నిలబడే ఉన్నారట! నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా కాన్పుకి మా ఆయన ఆఫీసువాళ్ళు ఒక్కరు కూర్చుని కూడా లేరు.

తర్వాత గ్రాఫు వచ్చింది. చుక్కలు, చుక్కల్ని కలుపుతూ వంపు తిరిగిన గీత. కింద, "వ్యవధి తగ్గిపోతోంది మేడమ్. తిండి జోరు పెరుగుతోందన్నమాట. తర్వాతది సరిగ్గా ఈ టైముకి రావాలి," అని ఒక టైము.

తిండేమిటో నాకు అర్థం కాలేదు. పొద్దున తిన్న రొట్టెముక్క గురించేమో అనుకున్నాను. కానీ గోడ గడియారం ఆ టైము చూపించగానే వదిన మంచం ఊచ పట్టుకుని "అమ్మోయ్" అంది.

"సిస్టర్! వీళ్ళు ముందే చెప్పారు!"

పెద్ద నర్సు గ్రాఫు చూసి పెదవి విరిచింది. "ఇరవై ఏళ్ళుగా చేతులతో చూసి చెబుతున్నాను, నాకెవరూ ఇలా రంగు చుక్కలు పెట్టలేదు. ఎప్పుడు పుడుతుందో కూడా అడుగు, నేను భోజనానికి వెళ్ళొస్తాను."

అడుగుదామని ఫోను తీస్తే అప్పటికే వంతులాయన రాసి ఉన్నాడు. పొడుగాటి మెసేజి. నేను పైకి చదివాను.

"ఇన్నేళ్ళ అనుభవంలో ఇంత చక్కటి పేలుళ్ళు చూడలేదు. ఒక్కొక్కటి నిమిషం పాటు ఉండి మెల్లగా చల్లారడం, ఒకదాని వెనక ఒకటి ఇంత దగ్గరగా రావడం చాలా అరుదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. బ్లాక్ హోల్ కాదు. ఉపగ్రహాన్ని తిప్పమని ఆదేశం పంపించాను. అభినందనలు అమ్మాయ్."

వదిన నొప్పి మధ్యలోనే లేచి కూర్చుంది.

"పేలిందా? పేలిందా! ఎన్నిసార్లు?"

"చాలాసార్లట!"

"నేను చెప్పలేదూ! నేల ఉందని చెప్పలేదూ!" అని నా రెండు చెంపలూ పట్టుకుని ముద్దుపెట్టుకుంది. సెలైన్ గొట్టం నా మెడకి చుట్టుకుంది. పెద్ద నర్సుని కూడా పట్టుకోబోతే ఆవిడ చాకచక్యంగా తప్పుకుంది. "ఎవరు పట్టారు? గీతలమ్మాయేనా? గ్రాఫేదీ? ఇటివ్వు!"

గ్రాఫు చూసి వదిన మొహం వెలిగిపోయింది. మతాబాలా అంటారే, అలా. గీత మీద వేలు పెట్టి, "తర్వాతది ఇదిగో, ఇప్పుడే... అమ్మోయ్... ఇప్పుడే రావాలి... అమ్మమ్మమ్మా..."

నొప్పి తగ్గాక చెమట తుడుచుకుంటూ నవ్వింది. "చూశావా మరదలా! అదీ నేనూ ఒకేసారి! అది అక్కడ, నేనిక్కడ! ఎంత దూరమో తెలుసా? ఎంత దూరమో తెలిస్తే పడిపోతావ్!"

"పడిపోను కానీ నువ్వు పడుకో."

నాకూ వచ్చేసింది ఆ పిచ్చి. నక్షత్రంతో కలిసి పురుడు పోసుకుంటున్న వదిన ఎవరికుంటుంది? అమ్మకి చెప్పాలని ఫోను తీశాను, సరిగ్గా అప్పుడే అన్నయ్య ఫోను.

"ఏమే చెల్లీ, ఒళ్ళు తెలుస్తోందా? పొద్దున్నుంచి ఒక్క ముక్క లేదు! నొప్పులు ఆగిపోయాయా ఏంటి? ఇక్కడ నా చెయ్యి ఆడట్లేదు, తాడు వదిలేసేలా ఉన్నాను, కింద జనం ఉన్నారు!"

"అదేంటన్నయ్యా, అన్నీ పెడుతూనే ఉన్నాంగా? ఇప్పుడే ఒకటి పెట్టాను."

"ఎక్కడ పెట్టావ్? గ్రూపులో నిన్న అమ్మ పెట్టిన పిడుగు ఫొటో తప్ప ఏం లేదు."

నేను ఫోనుకేసి చూశాను. గ్రూపు పేరు చూశాను. "కాపలా" అని ఉంది. మా ఇంటి గ్రూపు పేరు "మనవాళ్ళు". కాపలా అంటే వదిన ఆఫీసువాళ్ళు నక్షత్రానికి కాసే కాపలా. పొద్దున్నుంచి వదిన తెరిచి పెట్టుకున్నది అదే, మొదటి నొప్పి అలవాటు చెయ్యితో అందులోనే కొట్టింది, ఆ తర్వాతివన్నీ నేను వరసగా అందులోనే కొట్టాను.

"వదినా," అన్నాను. "ఆ పేలుళ్ళు... ఆ గ్రాఫులో చుక్కలు... అవి నీవే."

"నావేంటి?"

"నీ నొప్పులు వదినా."

వదిన ఫోను తీసుకుంది. వేలితో పైకి తోసుకుంటూ పోయింది, మొదటిదాకా. నేను వదిన ఏడుస్తుందనుకుని తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.

వదిన నవ్వింది. ముందు ముక్కుతో, తర్వాత నోటితో, తర్వాత ఒళ్ళంతా. మంచం నవ్వింది, స్టాండు నవ్వింది, మెషీన్ గీత గుట్టలు గుట్టలుగా లేచింది. పెద్ద నర్సు పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది? ఏంటీ గీత?" నేను చెప్పాలి, చెప్పలేకపోతున్నాను, నాకూ పొట్ట పట్టేసింది. "నొప్పుల్ని... నక్షత్రమనుకుని... ఉపగ్రహాన్ని తిప్పేశారు సిస్టర్!" ఆవిడ ఒక్క నిమిషం మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, కుర్చీలో కూలబడి, కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకుంది. "నా చేతి మీదుగా ఎంతమంది కన్నారో! ఒక్కళ్ళ నొప్పులూ ఆకాశం దాకా పోలేదు."

నవ్వు వల్ల ఇంకో నొప్పి వచ్చింది. అది తగ్గాక వదిన మొహంలో నవ్వు లేదు.

"చెప్పెయ్యాలి. సార్‌కి ఫోను చెయ్యి."

"ఎందుకు వదినా?" నేను ఫోను వెనక దాచుకున్నాను. "ఎలాగూ తిప్పేశారు కదా! అటు చూస్తే నిజంగానే పేలుతుందేమో! నువ్వు అడిగింది ఒక్క చూపేగా? దొరికింది, నోరు మూసుకుందాం. ఆరేళ్ళన్నావ్!"

"ఆరేళ్ళు కాబట్టే. రేపు నిజంగా పేలినా, పక్కన ఈ దొంగ చుక్కలుంటే ఎవరు నమ్ముతారు? నా నక్షత్రం మీద నా నొప్పులు అంటించకూడదే. చెయ్యి. నేను మాట్లాడలేను, నువ్వే... అబ్బా... నువ్వే చెప్పు."

చేశాను.

"సార్, నేను... మా వదిన మరదల్ని."

"ఎవరి వదిన?"

"నా వదినే సార్. నక్షత్రం వదిన. సార్, ఆ పేలుళ్ళున్నాయే, అవి పేలుళ్ళు కావు."

"మరి?"

"నొప్పులు సార్."

"ఎవరికి?"

"వదినకి సార్. ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాం. గ్రూపు తప్పింది."

అవతల కుర్చీ కిర్రుమంది. ఎవరో తలుపు వేశారు. తర్వాత ఆయన గొంతు వచ్చింది, చాలా జాగ్రత్తగా.

"అంటే... ఒక్కొక్కటి నిమిషం పాటు ఉండి..."

"అవును సార్."

"మెల్లగా చల్లారి..."

"అవును సార్, అలాగే తగ్గుతుంది. నాకూ అంతే."

"నేను దాని మీద కొత్త సిద్ధాంతం మొదలుపెట్టానమ్మా. రెండు పేజీలు అయింది."

"బాగుందా సార్?" అని ఎందుకన్నానో నాకే తెలీదు.

"చాలా బాగుంది," అన్నాడు పాపం. "బ్లాక్ హోల్ కాదని రాసి మరీ ఒప్పుకున్నాను, అందరి ముందూ!" తర్వాత ఏదో చప్పుడైంది. దగ్గుతున్నాడేమో అనుకున్నాను. దగ్గు కాదు. పెద్దాయన పగలబడి నవ్వుతున్నాడు. నవ్వి నవ్వి, ముక్కు చీది, ఆఫీసు గొంతులోకి వచ్చాడు.

"సరే. ఆదేశం వెళ్ళిపోయింది. ఉపగ్రహం ఈపాటికి తిరిగిపోయి ఉంటుంది. మళ్ళీ మన యాంటెన్నా నెత్తి మీదికి వస్తే తప్ప నా మాట దానికి వినపడదు. వచ్చాక వెనక్కి తిప్పెయ్యాలి. ఇది గెలాక్సీల ఆవిడ టైమమ్మా, నాది కాదు, మీ వదినది కాదు. ఆవిడకి చెప్పి క్షమాపణ అడగాలి. పేలుడు లేకుండా ఉంచుకునే హక్కు మనకి లేదు."

స్పీకర్లో విన్న వదిన కళ్ళు మూసుకుంది. "న్యాయమే," అంది. ఆ ఒక్క ముక్క అనడానికి ఎంత బలం కావాల్సొచ్చిందో నేను చూశాను. వదినే తన చేతులతో కాపలా గ్రూపులో రాసింది: పొద్దున్నుంచి పెట్టినవి నక్షత్రానివి కావు, నావి. తప్పు నాదే. అన్నీ కొట్టెయ్యండి.

తర్వాత మాకు ఫోను చూసే తీరిక లేదు. పెద్ద నర్సు చేతికి తొడుగులు వేసుకుంది. అన్నయ్య గ్రీజు చేతులతో వచ్చి పడ్డాడు, చేతులు కడుక్కోమంటే మోచేతుల దాకా కడుక్కుని, మళ్ళీ మళ్ళీ కడుక్కుని, ఏం చెయ్యాలో తెలియక లిఫ్టు తలుపు ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"ఇరుక్కున్నవాళ్ళని బయటికి తియ్యడం నీ పనేనట కదా బాబూ?" అంది నర్సు. "ఇవాళ నాకొదిలెయ్. నువ్వు తల వైపు నిలబడు."

పిల్ల పుట్టింది. పుట్టీ పుట్టగానే ఏడవలేదు, ఆ తర్వాత ఏడ్చింది, ఎలా ఏడ్చిందంటే బయట కారిడార్లో ఎవరో చప్పట్లు కొట్టారు. వేళ్ళు లెక్కపెట్టాను. చెవులు చూశాను. ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూశాను. "నేను చూశానమ్మా, బానే ఉంది," అని నర్సు అన్నా మళ్ళీ ఒకసారి చూశాను.

పిల్ల వదిన రొమ్ము మీద పడుకున్నాక ఫోను గుర్తొచ్చింది. గ్రూపులో అభినందనలు, నవ్వులు, కేకలు. వాటి మధ్య గెలాక్సీల ఆవిడ రాసింది:

"నా గెలాక్సీ వయసు వందల కోట్ల ఏళ్ళు. ఒక పూట ఆగమంటే ఏడవదు. ఉపగ్రహాన్ని వెనక్కి తిప్పకండి, ఈ పూట నా టైము ఆ అమ్మాయికే. తప్పు చెప్పకుండా ఊరుకుని ఉంటే ఇచ్చేదాన్ని కాదు. నా రెండోవాడిని పరీక్ష పేపర్లు దిద్దుతూ కన్నాను. ఆ బ్యాచ్‌లో అందరూ పాసయ్యారు."

వదిన అది రెండుసార్లు చదివించుకుంది. పిల్ల తల మీద చుబుకం ఆనించింది. అన్నయ్య గబగబా కిటికీ వైపు తిరిగి బయట ఏదో చాలా ముఖ్యమైనది చూస్తున్నట్టు నటించాడు.

సాయంత్రం గీతలమ్మాయి ఫోను చేసింది. అందరం స్పీకర్ చుట్టూ చేరాం, నర్సుతో సహా.

"మేడమ్, మొత్తం చూశాను. పేలుళ్ళు లేవు. ఒక్కటి కూడా లేదు."

వదిన పిల్లని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఫోనులో ఆ పిల్ల వెనకనుంచి వంతులాయన, "నేను అనలేదూ," అంటూ మొదలుపెట్టాడు.

"ఉండండి సార్, అయిపోలేదు," అని ఆ పిల్ల ఆయన్నే ఆపేసింది. "పేలుళ్ళు లేకపోయేసరికి ఊరికే కూర్చోలేక, వెలుగుని సన్నసన్నగా తరిగి చూశాను మేడమ్. కొట్టుకుంటోంది. సెకనుకి వందల సార్లు. ఒక్కటి కూడా తప్పట్లేదు."

"ఉపగ్రహం తిరుగుడు లెక్కలోంచి తీసేశావా?"

"తీసేశాను."

"భూమి తిరుగుడు?"

"అదీ తీసేశాను. మీరు అడుగుతారని ఇంకోసారి తీసేసి చూశాను. పోవట్లేదు మేడమ్. పైగా ఆ కొట్టుకోవడం కాసేపు బిగుస్తోంది, కాసేపు సాగుతోంది. మన వైపు వస్తూ, దూరంగా పోతూ. రెండు గంటలకి ఒక చుట్టు. తోడు నక్షత్రం ఉంది మేడమ్. చాలా చిన్నది, సగానికి పైగా తాగేసి ఉంటుంది పాపం."

అంత వేగంగా గిర్రున తిరుగుతూ గడియారంలా కొట్టుకోవడం బ్లాక్ హోల్‌కి చేతకాదు. పేలుడు కంటే గట్టి రుజువు ఇదే. వదిన నాకు ఆ తర్వాత చెప్పింది. అప్పుడు చెప్పే స్థితిలో లేదు. మొదట కేకేసింది అన్నయ్య, ఏమీ అర్థం కాకుండానే. పిల్ల ఉలిక్కిపడి రాగం అందుకుంది. నర్సు, "ఏంటట, గెలిచామా?" అని నన్ను గిల్లింది. "గెలిచాం సిస్టర్!" అన్నాను. ఆవిడ స్టాండుని పట్టుకుని ఒక చుట్టు తిప్పేసింది, చక్రం కీచుకీచుమంటుంటే.

వంతులాయన గొంతు సవరించుకున్నాడు. "ఒక్క మాట. ఇది నిజంగా నక్షత్రానిదేనా? ఆసుపత్రిలో ఇంకేమన్నా మెషీన్లు తగిలించారా?"

"సెకనుకి వందల సార్లు కొట్టుకునే గుండె ఎవరికుంటుంది సార్?" అంది వదిన.

"నాకమ్మా. ఇప్పుడు."

ఇలాంటిది దొరికితే వెంటనే నాలుగు లైన్ల బులెటిన్ వెయ్యాలట, ప్రపంచంలో ఈ పని చేసేవాళ్ళందరికీ. అందులో ఏమేం దొరికిందో రాయడం అయిపోయింది. కానీ వాళ్ళ నియమం ఒకటుంది: ఉపగ్రహాన్ని ఏ కారణం చేత అటు తిప్పారో కూడా రాయాలి. అక్కడ ఆగిపోయారు.

"'ఇతర సమాచారం ఆధారంగా' అని వేసేద్దాం," అన్నాడు వంతులాయన.

"ఆ సమాచారం ఏంటని అడుగుతారు సార్."

"'సాంకేతిక పొరపాటు' అంటే?"

"నా కూతురు సాంకేతిక పొరపాటా సార్?"

గీతలమ్మాయి ఎక్కడో నవ్వు ఆపుకోలేక కీచుమంది. చివరికి వదినే కళ్ళు మూసుకుని చెప్పింది, నేను వినపడేలా పట్టుకున్న ఫోనులోకి, ఒక్కో మాటా ఆచితూచి. మర్నాడు అలాగే వెళ్ళింది. వంతులాయన ఒక్క అక్షరం మార్చలేదు.

"పరిశీలనకు కారణమైన పేలుళ్ళు ఈ నక్షత్రానివి కావు. అవి ఈ బులెటిన్ రాసినవారిలో ఒకరివి. ప్రస్తుతం ఆగిపోయాయి. తల్లీ బిడ్డా క్షేమం."